రెండూ నలభైకి వెలిగే కాటా

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే రోడ్డులో, ఊరు దాటాక ఎడమ చేతి వైపు లారీలు తూచే కాటా ఒకటి ఉంది. పగలు చూస్తే అందులో భయపడాల్సింది ఏమీ కనపడదు. లారీ ఎక్కి నిలబడేందుకు ఇనప పలకలు పరిచిన పొడుగాటి గద్దె, దాన్ని ఆనుకుని ఒక గది, గది నెత్తిన ఎర్ర అంకెల బోర్డు. చుట్టూ సిమెంటు దుమ్ము కొట్టుకుపోయిన తుమ్మచెట్లు. అంతే.

కానీ రాత్రి పన్నెండు దాటిందంటే ఆ కాటా ముందు ఒక్క లారీ కూడా ఆగేది కాదు.

టైరు పంక్చరయినా సరే, డ్రైవర్లు అలాగే ఈడ్చుకుంటూ పోయి అర కిలోమీటరు అవతల ఆపుకునేవాళ్ళట. క్లీనర్ కుర్రాళ్ళు అటు వైపు అద్దం ఎత్తేసి, తల తిప్పకుండా కూర్చునేవాళ్ళట.

దీనికంతటికీ మొదలు రత్నబాబు. మైలవరం వైపు డ్రైవరు, చెయ్యి తిరిగినవాడు. శ్మశానం పక్కన బండి ఆపుకుని అన్నం వండుకు తినే రకం. పోయిన చలికాలం సిమెంటు లోడుతో వస్తూ, ఒంటేలుకని కాటా ముందు దిగాడు.

చుట్టూ చీకటి. కాటా గదికి తాళం వేసి ఉంది. బోర్డు ఆరిపోయి ఉంది.

ఉన్నట్టుండి — బోర్డు వెలిగింది.

మొదట సున్నా. తర్వాత అరవై.

పైన ఏ బండీ లేదు. లేకుండానే అరవై కిలోలు. ఇదేమిటా అని అతను అలా చూస్తూనే ఉన్నాడు... తాళం వేసిన ఆ గదిలోంచి ఒక ఆడపిల్ల గొంతు, మెల్లగా, పక్కన కూర్చుని చెప్పినట్టు —

"పడుకోమాకు..."

రత్నబాబు ఒక చెప్పు అక్కడే వదిలేశాడు. జగ్గయ్యపేట దాకా బండిని రెండో గేరులోనే తీసుకుపోయాడట, మూడోది ఉందని గుర్తుకు రాలేదట. మూడు రోజులు జ్వరంతో పడుకుని లేచాడు. ఆ చెప్పు మాత్రం నెలల తరబడి ఆ తుమ్మచెట్టు కిందే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఆ తర్వాత చాలామంది చూశారు. ఎవరు చూసినా టైము ఒకటే, రెండూ నలభై. అంకె ఒకటే, అరవై. దెయ్యానికి బరువుండదని వాదించేవాళ్ళు కూడా నోరు మూసుకున్నారు.

ఈ కథ నాకు చెప్పింది వెస్లీ. నందిగామ పాత బస్టాండు వెనక నాది జిరాక్స్ షాపు. నా గోడకి ఆనుకుని వాడిది కంప్యూటర్ రిపేరు షాపు. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు గానీ పనిమంతుడు. వాడిలో ఒక్కటే లోపం. ఏ జబ్బుతో ఏ కంప్యూటర్ వచ్చినా వాడి మందు ఒకటే — ఫార్మాట్. నెమ్మదిగా నడుస్తోందా, ఫార్మాట్. ప్రింటు రావట్లేదా, ఫార్మాట్. ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే ఏ రోగమూ ఉండదు కదా అనేవాడు. వాడనేముంది, మా వైపు రిపేరు వాళ్ళందరిదీ అదే వైద్యం. జబ్బేమిటో వెతకడానికి ఒక పూట పడుతుంది, తుడిచెయ్యడానికి గంట చాలు. నేను వాణ్ణి 'ఫార్మాట్ వెస్లీ' అని ఏడిపించేదాన్ని.

ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను.

ఆ కాటా తిరుపతిరావు గారిది. పెద్దాయన మంచాన పడ్డాక కొడుకు కిషోర్‌బాబు చూసుకుంటున్నాడు. ఒకప్పుడు రాత్రీ పగలూ నడిచేది. ఒక ఏడాదిగా రాత్రి పదకొండుకి కట్టేస్తున్నారు. ఇప్పుడు ఫ్యాక్టరీ లోడ్లన్నీ రాత్రిళ్ళే కదులుతున్నాయి కాబట్టి మళ్ళీ తెరుద్దామని కిషోర్‌బాబు అనుకుంటే, డ్రైవర్లు రామని చెప్పేశారు. దెయ్యాన్ని దింపేవాళ్ళకి కాకుండా కంప్యూటర్ బాగుచేసేవాడికి ఫోన్ చేశాడంటే, కిషోర్‌బాబు కొంచెం చదువుకున్నవాడు కదా.

"మా కంప్యూటరు నిద్రపోవట్లేదు వెస్లీ. మేం పడుకోబెట్టి తాళం వేసి వస్తాం. నడిరాత్రి అదే లేస్తోంది" అన్నాడట.

వాళ్ళ కంప్యూటర్ పాతది. పూర్తిగా ఆపేస్తే పొద్దున్నే లేవడానికి పావుగంట తీసుకుంటుంది, ఈలోగా లారీలు వరసకడతాయి. అందుకని రాత్రిళ్ళు దాన్ని ఆపరు, స్లీప్‌లో పెడతారు. బయటి బోర్డుకి అంకెలు వెళ్ళేది ఆ కంప్యూటర్ నుంచే. అది పడుకుంటే బోర్డు ఆరిపోతుంది, అది లేస్తే బోర్డు వెలుగుతుంది. కాబట్టి దెయ్యం ఎక్కడుందో తేలిపోయింది, ఆ డబ్బాలోనే ఉంది.

వెస్లీ బండేసుకుని వెళ్ళాడు.

"పసిపిల్లని పడుకోబెట్టాక లేపడానికి ఇంటినిండా చుట్టాలుంటారు చూడక్కా, అలాగే పడుకున్న కంప్యూటర్ని లేపడానికి వెనకాల సవాలక్ష సాఫ్ట్‌వేర్లుంటాయి" అని నాకు చెప్పాడు ఆ సాయంత్రం. ఒకటి కొత్త అప్‌డేట్ వచ్చిందేమో చూద్దామని లేపుతుంది. ఒకటి వైరస్‌ల కోసం వెతుకుతానని లేపుతుంది. నెట్ వైరు లేపుతుంది. ఎలుక తోక తగిలి మౌస్ కదిలినా లేస్తుంది. వాడు ఆ రోజు ఎలుక మీదే అనుమానపడ్డాడు. మౌస్‌తో లేవకుండా చేశాడు, నెట్‌తో లేవకుండా చేశాడు, అప్‌డేట్లన్నీ పగలే చేసుకోమని పెట్టాడు. పని అయిపోయిందనుకున్నాడు.

ఆ గదిలో పనిచేసే ఆపరేటరు ఏలీయా అప్పుడే వాడికి మొదటిసారి కనిపించాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుంటున్నాడు. కంటికి శుక్లాలు, దూరం అంకెలు ఆనవు. తెర దగ్గరికి మొహం పెట్టి చదువుకుని చీటీ తీస్తాడు. వెస్లీకి టీ తెచ్చి పక్కన పెట్టి, కంప్యూటర్ వైపు కాసేపు చూసి, దగ్గుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

టీ గ్లాసు పెట్టబోతే టేబుల్ గాజు కింద వెస్లీకి ఒక కాటా చీటీ కనపడింది. లారీ నంబరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'నాన్న ప్లస్ నేను' అని ఉంది. బరువు నూట పది కిలోలు. ఎవరో సరదాకి ఎక్కి తూగారు కాబోలని నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కిషోర్‌బాబు ఫోన్. రాత్రి మళ్ళీ వెలిగింది. రోడ్డుకి అవతల ధాబా వాళ్ళు చూశారు. రెండూ నలభై. అరవై.

ఈసారి వెస్లీకి పట్టుదల వచ్చింది. కంప్యూటర్‌లో ఒక సౌకర్యం ఉందట — 'రాత్రి నిన్ను లేపింది ఎవరు' అని దాన్నే అడగొచ్చు. నల్ల తెర తెరిచి ఒక్క వరుస కొడితే చాలు, టైముతో సహా చెబుతుంది. అది అబద్ధం చెప్పదు.

వాడు అడిగాడు.

రాత్రి రెండూ నలభైకి లేపారు, అంది కంప్యూటర్. అప్‌డేట్ కాదు, ఎలుకా కాదు. ఎవరో కావాలనే ఆ టైముకి లేపమని లోపల ఒక పని పెట్టి ఉంచారు. ఆ పని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'నాన్న'. పెట్టినవారి పేరు...

"జెరూ అంటే ఎవరండీ?" అని అడిగాడు వెస్లీ, తెర మీంచి కళ్ళు తియ్యకుండానే.

తిరిగి చూస్తే వెనక నిలబడ్డ కిషోర్‌బాబు మొహంలో రంగు పోయింది.

"జెరూషా. మా ఏలీయా కూతురు" అన్నాడు. నందిగామలో కంప్యూటర్స్ డిగ్రీ చదివేదట, సెలవుల్లో వచ్చి ఇక్కడి ప్రోగ్రాములన్నీ ఆ అమ్మాయే సర్దిపెట్టేదట.

"ఇప్పుడెక్కడ ఉంటున్నారండీ?"

"లేదు వెస్లీ. డెంగ్యూ వచ్చి పోయింది. పద్నాలుగు నెలలయింది."

పట్టపగలు. బయట లారీ హారన్లు. అయినా వెస్లీ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చనిపోయి పద్నాలుగు నెలలయిన పిల్ల, నిన్న రాత్రి ఈ గదిలో ఈ డబ్బాని లేపింది. తెర మీద రాసి ఉంది.

ఇక్కడ వాడు చేయాల్సింది ఒకటుంది. ఆ 'నాన్న' అనే పనిని తెరిచి, అది లేచాక ఏం చేస్తోందో చూడాలి. రెండు నిమిషాల పని. ఈ మాట వాడే నాతో పది సార్లు అన్నాడు. కానీ వాడు భయపడ్డాడు, భయంలో చెయ్యి తనకి అలవాటైన పనే చేసింది.

"ఫార్మాట్ కొట్టేద్దామండి" అన్నాడు.

గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని ఏలీయా నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"అన్నీ పోతాయా బాబూ?" అని అడిగాడు.

"కాటా ప్రోగ్రాము, చీటీల లెక్కలు తీసి పక్కన పెట్టా బాబాయ్. మిగతాదంతా చెత్తే" అన్నాడు వెస్లీ.

ఏలీయా కిషోర్‌బాబు వైపు చూశాడు. టీ గ్లాసులు అక్కడ పెట్టి, కడిగిన గ్లాసులనే మళ్ళీ కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గంటలో అంతా అయిపోయింది. కొత్త విండోస్, కొత్త కాటా ప్రోగ్రాము. ఖాళీ కాటాకి సున్నా చూసుకున్నాడు. స్లీప్‌లో పెడితే బోర్డు ఆరింది, లేపితే వెలిగింది. చెప్పిన మాట వింటోంది.

కానీ కిషోర్‌బాబు వదలలేదు. డ్రైవర్లని నమ్మించాలంటే కళ్ళారా చూసినవాడు ఒకడుండాలి, ఈ ఒక్క రాత్రీ ఇక్కడే ఉండి పొమ్మన్నాడు. మరి మీరూ ఉంటారా అంటే, చిల్లకల్లులో పెళ్ళి ఉంది కదా అన్నాడు. చదువుకున్నవాడైతే మాత్రం భయం ఉండదా.

ఆ రాత్రి పదకొండింటికి ఏలీయా కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి, రోజూ యజమాని ఇంట్లో ఇచ్చే తాళంచెవి వెస్లీ చేతిలో పెట్టి, ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ పేట అక్కడికి దగ్గరే, రోడ్డు మలుపు తిరిగితే వచ్చేస్తుంది. గదిలో వెస్లీ ఒక్కడే మిగిలాడు.

లైటు ఆర్పి కూర్చున్నాడు. డబ్బా మీద చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది, ఊపిరి తీస్తున్నట్టు. ఒంటి గంటయింది. రెండయింది. వాడికి వచ్చిన కీర్తనలన్నీ మనసులో పాడేశాడు. రానివి కూడా పాడాడట.

రెండూ ముప్ఫై ఎనిమిది.

రెండూ ముప్ఫై తొమ్మిది...

రెండూ నలభై.

తెర నల్లగానే ఉంది. రెండూ నలభై ఒకటి. నలభై రెండు. ఏమీ లేదు. వెస్లీ గట్టిగా ఊపిరి వదిలి, అంతేగా అనుకుని కాళ్ళు బారజాపాడు.

అప్పుడు — బయట ఇనప పలక మీద అడుగు పడిన చప్పుడు.

లారీ కాదు, లారీ ఎక్కితే గదంతా అదురుతుంది. ఇది మనిషి అడుగు. ఒకటి... రెండు... సరిగ్గా కిటికీ ఎదురుగా వచ్చి ఆగిపోయింది.

డ్రైవర్లు చీటీ అందుకునే చిన్న కిటికీ అది. ఆ సందులోంచి వెస్లీ చూశాడు. కాటా మీద ఒక ఆకారం నిలబడి ఉంది. నెత్తి నుంచి పాదాల దాకా నలుపు. అది కదలట్లేదు, వెళ్ళట్లేదు. కిటికీ వైపే తిరిగి ఎదురు చూస్తోంది.

రెండూ నలభై అయిదు. రెండూ యాభై.

ఆ ఆకారమే ముందు మాట్లాడింది, గుసగుసగా.

"పాపా..."

వెంటనే ఒక దగ్గు. ఆ దగ్గు వెస్లీ పొద్దుటి నుంచి విన్నదే.

తలుపు తీశాడు. "ఏలీయా బాబాయ్?"

నల్ల దుప్పటి కప్పుకుని ఏలీయా. దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు. "పోతాయని చెప్పావుగా బాబూ. తెలుసు. అయినా ఓసారి చూసి పోదామని వచ్చా" అన్నాడు.

తర్వాత ఆ కాటా పలకల మీదే కూర్చుని అంతా చెప్పాడు.

రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో, లోడ్లు తగ్గే వేళకి ఏలీయాకి కునుకు పట్టేది. ఒకసారి అలాగే తల వాల్చేస్తే బయట మూడు లారీలు నిలబడిపోయాయి. పొద్దున్నే యజమాని డ్రైవర్లందరి ముందూ నానా మాటలూ అన్నాడు. జెరూషా టిఫిన్ డబ్బా తెచ్చి ఆ పక్కనే నిలబడి ఉంది, అంతా వింది. ఇంటికి వెళ్ళి ఏడవలేదు. తర్వాతి వారం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో చేసింది. ఇక నువ్వు పడుకున్నా నేనొచ్చి లేపుతాలే అంది.

ఆ రాత్రి రెండూ నలభైకి, తండ్రి కునుకులో ఉండగా, కంప్యూటర్ దానంతటదే లేచింది. లోపలి స్పీకర్లోంచి కూతురు పిలిచింది.

"నాన్నా... లేచావా? కాసిని మంచినీళ్ళు తాగు. పడుకోమాకు. తెల్లారంగానే వస్తా."

అంతే ఆ నాలుగు ముక్కలూ. రెండేళ్ళపాటు ప్రతి రాత్రీ ఏలీయా ఆ పిలుపుకి లేచి నీళ్ళు తాగాడు. మళ్ళీ ఎవరితోనూ మాట పడలేదు.

కూతురికి జ్వరం ఎక్కువై విజయవాడ తీసుకెళ్ళిన నాలుగో రాత్రి, బదులు మనిషి దొరక్క ఏలీయా డ్యూటీలోనే ఉన్నాడు. రెండూ నలభైకి కూతురు పిలిచింది. లేచి నీళ్ళు తాగాడు. తెల్లారంగానే వస్తా అంది. గ్లాసు కింద పెడుతుండగా ఆస్పత్రి నుంచి భార్య బేబి ఫోన్ చేసింది.

ఆ తర్వాత రాత్రి డ్యూటీ చెయ్యలేనని కాళ్ళావేళ్ళా పడితే, రాత్రి కాటా ఆపేశారు. కానీ కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. అది రోజూ లేస్తూనే ఉంది, తాళం వేసిన గదిలో పిలుస్తూనే ఉంది. ఏలీయా పద్నాలుగు నెలలుగా రోజూ ఆ వేళకి లేచి వచ్చి, కిటికీ ఎదురుగా నిలబడి, విని వెళ్ళిపోతున్నాడు. నిలబడేది కాటా మీదే కాబట్టి, బోర్డు మీద అరవై ఆయన బరువే. ఆ మసక వెలుతురులో నల్ల దుప్పటి రోడ్డు మీది వాళ్ళెవరికీ ఆనలేదు, ఎర్ర అంకె ఒక్కటే కనపడింది.

"బేబికి కూడా చెప్పలా బాబూ. అది వింటే తట్టుకోలేదు."

పొద్దున ఒక్క మాట చెబితే ఆగేవాణ్ణి కదా బాబాయ్ అన్నాడు వెస్లీ.

"బాబు గారి ముందు ఏం చెప్పమంటావు? వాళ్ళ మిషన్లో నా కూతురి గొంతు దాచుకున్నా అని చెప్పనా? నా మూలానే రాత్రిపూట లారీలు ఆగట్లేదని చెప్పనా? ఉన్న కూడు కూడా పోద్ది. అయినా అదెక్కడ ఉందో నాకేం తెలుసు బాబూ, చూపించటానికి. ఆ టైముకి వచ్చుద్దని తెలుసు, అంతే."

ఇంకెక్కడైనా ఆ గొంతు ఉందా అని అడిగాడు వెస్లీ. ఫోటోలున్నాయట. అమ్మాయి ఫోను ఆస్పత్రి గొడవలో ఎక్కడో పోయింది. ఏలీయాది బటన్ల ఫోను. గొంతు ఇంకెక్కడా లేదు.

వెస్లీ ఆ ఇనప పలకల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. నేను చెత్త అన్నాను బాబాయ్, మిగతాదంతా చెత్తే అన్నాను, అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడట. ఏలీయాయే వాడి వీపు నిమిరాడు.

"నీదేముందిలే. పద్నాలుగు నెలల నుంచి రోజూ రాత్రి దాన్ని లేపుకుంటున్నా. ఇక పడుకోనియ్ బాబూ."

తర్వాత ఏలీయా లేచి, ఎప్పుడూ నిలబడే చోట కిటికీకి ఎదురుగా నిలబడి, ఒక్కసారి బోర్డు వెలిగించమని అడిగాడు. ఎప్పుడూ ఆ వెలుగులోనే నిలబడేవాడట, ఇవాళ చీకటి ఓర్చుకోలేకపోతున్నానన్నాడు.

అదైనా చెయ్యగలను అనుకుంటూ వెస్లీ లోపలికి వెళ్ళి కంప్యూటర్‌ని లేపాడు. కాటా ప్రోగ్రాము తెరిచాడు. బయట పలకల మీద ఎర్ర వెలుతురు పడింది.

తెర మీద అరవై. ఏలీయా బరువు.

వెస్లీ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి — అంకె కదులుతోంది.

డెబ్బై... తొంభై...

నూట పది.

అక్కడ నిలిచిపోయింది. వాడు కిటికీలోంచి చూశాడు. బయట ఏలీయా ఒక్కడే ఉన్నాడు. పరిగెత్తుకుంటూ వచ్చి కాటాకి ఆ కొసా ఈ కొసా టార్చి వేశాడు. కుక్క లేదు, రాయి లేదు. ఎవరూ లేరు. తలెత్తి చూస్తే గది నెత్తిన కూడా అదే అంకె.

ఏలీయాకి బోర్డు ఆనదు కదా. "ఎంతుంది బాబూ?" అని అడిగాడు.

వెస్లీకి టేబుల్ గాజు కింద చీటీ గుర్తొచ్చింది. అబద్ధం చెబుదామా అని కూడా అనుకున్నాడు.

"నూట పది, బాబాయ్."

ఏలీయా ఆశ్చర్యపోలేదు. నెమ్మదిగా కొంచెం పక్కకి జరిగి నిలబడ్డాడు. మంచు కురుస్తోంది. కప్పుకున్న దుప్పటి కొస ఒకటి తీసి, చెయ్యి చాపి, పక్కకి పట్టుకున్నాడు. అలా చాలాసేపు నిలబడ్డాడు.

ఇదీ వెస్లీ నాకు చెప్పింది. ఆ తర్వాత వాడు ఆ కంప్యూటర్‌లోంచి పోయినదాన్ని వెనక్కి తేవాలని మూడు రోజులు తిండి మాని కూర్చున్నాడు. పాత చీటీలు వచ్చాయి, ఎవరిదో పెళ్ళి శుభలేఖ వచ్చింది. గొంతు మాత్రం రాలేదు. ఇప్పుడు వాడి షాపుకి ఎవరు కంప్యూటర్ తెచ్చినా, ముందు జబ్బేమిటని అడగడు. దీంట్లో ఎవరి గొంతైనా ఉందా అండీ అని అడుగుతాడు. జనం వాడి వైపు వింతగా చూస్తారు.

కాటా మళ్ళీ రాత్రిళ్ళు తెరిచారు. ఏలీయాయే డ్యూటీ చేస్తున్నాడు. దెయ్యం వదిలిందని డ్రైవర్లు నమ్మారు, లారీలు వరసకట్టి ఆగుతున్నాయి. రత్నబాబు కూడా ఆగుతున్నాడట.

వెస్లీ ఇప్పటికీ ఆ నూట పది దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేస్తాడు. వాడి దిగులు చూడలేక, నేను మా షాపుకి వచ్చే ఇంకో కాటా ఆపరేటర్ని వివరంగా అడిగి తెలుసుకున్నాను. కొత్త ప్రోగ్రాము ఎక్కించాక సున్నా సరిగ్గా కుదరకపోతే, యాభై కిలోలు ఎక్కువ చూపించడం మామూలేనట. మంచుకి వైర్లలో తడి చేరినా అంతేనట. ఆ మాట వెస్లీకి సంబరంగా చెప్పాను. "నీ పిచ్చి గానీ, ఆ యాభై కాటా తప్పు చూపించిందిరా. ఏలీయా దిగిపోయాక ఖాళీ కాటా మీద కూడా ఆ యాభై ఉండే ఉంటుంది. నువ్వు చూసుకుని ఉండవు" అన్నాను.

వాడు చేతిలో స్క్రూడ్రైవర్‌ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"చూశానక్కా. ఆయన దిగి ఇంటి వైపు నడిచాక బోర్డు మీద యాభై ఉంది."

"అదేగా నేను చెప్పేది."

"ఆయన వెళ్తున్నంతసేపూ ఉంది. మలుపు తిరిగి కనపడకుండా పోయాక... అప్పుడు సున్నా అయింది."